జల్లెడకు చిక్కని అక్షరం

2018 ఫిబ్రవరిలో తెలుగు అక్షరమొకటి ప్రపంచ పత్రికలకెక్కింది. కవిత్వం చేత కాదు, లిపి సౌందర్యం చేతా కాదు. ఆపిల్ వారి ఐఫోనుకు "జ్ఞా" అన్న అక్షరాన్ని ఒకానొక కూర్పులో పంపితే చాలు, దాన్ని తెరమీద చూపబోయిన ప్రోగ్రాము కుప్పకూలేది. సందేశం వచ్చిందని తెలిపే చిన్న పట్టీలో ఆ అక్షరం కనబడబోతే ఏకంగా ఫోను ముంగిలి తెరే మూతపడేది. కొద్ది రోజుల్లోనే దానికి "తెలుగు బగ్" అన్న పేరు స్థిరపడిపోయింది.

ఆ పేరు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. జ్ఞానం అన్న మాటను మనం మామూలుగా రాసుకున్నప్పుడు ఏ ఫోనూ కూలలేదు. జ, దాని కింద పొల్లు, ఆపైన ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం: ఈ అయిదూ ఈ వరుసలో వస్తేనే ఆపద. ఆ కనిపించని గుర్తు మనకు కొత్తది కాదు. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా మనం వాడుకునేది అదే. ఆపిల్ వారు 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దోషాన్ని సవరించారు. సీవీఈ-2018-4124 అన్న సంఖ్యతో వారు ఇచ్చిన వివరణ సారాంశం ఇది: కావాలని కూర్చిన ఒక పాఠం వల్ల మెమరీ చెడిపోయే అవకాశం ఉండింది, లోపలికి వచ్చే పాఠాన్ని మరింత జాగ్రత్తగా సరిచూసుకోవడం ద్వారా దానిని పరిష్కరించాము. అంటే మారింది అక్షరం కాదు, ప్రోగ్రాము. దోషమూ అక్కడిదే.

దొంగ పడ్డ ఇంటికి కాకుండా పోయిన నగకు చెడ్డపేరు వచ్చినట్టయింది మన అక్షరం సంగతి. అయితే పేరు గురించి వాదులాడుకోవడం ఈ టపా ఉద్దేశం కాదు. తెలుగును మోసే ప్రోగ్రాముల సోర్సు కోడును భద్రత కోసం జల్లెడ పట్టే పనిలో తెలుగు తెలిసినవారి పాత్ర ఏమిటన్నది నా ప్రశ్న. జల్లెడలు ఉన్నాయి, చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. కానీ అక్షరం తెలియని జల్లెడ అక్షరానికి జరిగే అన్యాయాన్ని పట్టుకోలేదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా దీనికి ఉపపత్తి.

మనం తెరమీద చూసే ప్రతి తెలుగు అక్షరం వెనుకా కొన్ని ప్రోగ్రాములు పనిచేస్తుంటాయి. పొల్లును చూసి వత్తును కిందికి దించేది, గుడిని తలకట్టు స్థానంలో కూర్చోబెట్టేది ఒకటి. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ, ఫైర్‌ఫాక్సులోనూ, క్రోములోనూ, లిబ్రెఆఫీసులోనూ ఈ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే స్వేచ్ఛా సాఫ్టువేరు. ఆ పేరు పారశీకం నుంచి వచ్చింది. ఫాంటులోని గీతలను చుక్కలుగా మార్చి తెరకు అందించేది మరొకటి. స్వేచ్ఛా సాఫ్టువేరు ప్రపంచంలో అందుకు పేరెన్నికగన్నది ఫ్రీటైప్. మొదటిది సీ ప్లస్ ప్లస్‌లో, రెండవది సీలో రాసినవి.

1970ల తొలినాళ్లలో బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ తీర్చిదిద్దిన సీ భాష స్వభావం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. అది ప్రోగ్రామరును సంపూర్ణంగా నమ్ముతుంది. పదహారు మానికలు పట్టే పాత్రలో ముప్ఫై మానికలు పోయమంటే "పట్టదు" అనదు, పోసేస్తుంది. పొర్లిన గింజలు పక్క పాత్రలో పడతాయి. పక్క పాత్రలో ఏముందన్నది దాని చింత కాదు. ఆ పక్క పాత్రలో "ఈ పని అయ్యాక తిరిగి ఎక్కడికి వెళ్లాలి" అన్న చిరునామా ఉందనుకోండి, పొర్లిన గింజల రూపంలో కొత్త చిరునామాను పంపగలిగినవాడు యంత్రానికి యజమాని అవుతాడు. సీ భాషలోని భద్రతా లోపాల్లో పెద్ద పాలు ఇలాంటివే.

ఈ మాట గాలిలో మిగిలిపోకుండా, మన మూడు ఊళ్ల పేర్లతోనే లెక్క చూద్దాం. 2016 అక్టోబరు 11న తెలంగాణలో ఏర్పడిన కొత్త జిల్లాల్లో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఉన్నాయి. జిల్లా పేరు నిలుపుకోవడానికి ఒక ప్రోగ్రామరు సీలో 16 బైట్ల చోటు కేటాయించాడనుకోండి. ఇంగ్లీషులో రాస్తే జనగామకు 7 అక్షరాలు, మహబూబాబాద్‌కు 11, భూపాలపల్లికి 11. పాఠం ముగిసిందని చెప్పే సున్నాకు ఇంకొక బైటు. అన్నీ పన్నెండులోపే. ప్రోగ్రామరు నిశ్చింతగా నిద్రపోతాడు.

ఇప్పుడు అవే పేర్లను తెలుగులో, యూటీఎఫ్-8 పద్ధతిలో రాయండి. ఈ పద్ధతిలో మన ప్రతి హల్లుకూ, అచ్చుకూ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ, సున్నకూ విడివిడిగా మూడేసి బైట్లు కావాలి. "జనగామ"లో జ, న, గ, దీర్ఘం, మ: మొత్తం అయిదు గుర్తులు, 15 బైట్లు. ముగింపు సున్నాతో సరిగ్గా 16. అంచు దాకా నిండింది, పొర్లలేదు. "మహబూబాబాద్"లో పది గుర్తులు, 30 బైట్లు, ముగింపుతో 31. "భూపాలపల్లి"లోనూ పదే, మళ్లీ 31. రెండు పేర్లలోనూ పదిహేనేసి బైట్లు పక్క పాత్రలోకి పొర్లుతాయి. జనగామ ఒక్కదానితో పరీక్షించి చూసినవాడు "తెలుగు కూడా పనిచేస్తోంది" అని ధ్రువపత్రం రాసిచ్చేస్తాడు. ఇక "జయశంకర్ భూపాలపల్లి" అన్న అధికారిక నామం నడుమ ఖాళీతో కలిపి 52 బైట్లు. అదే ఇంగ్లీషులో 23.

అంతటితో ఆగదు. మన లిపిలో ఒక అక్షరానికి ఎన్ని బైట్లు అంటే స్థిరమైన జవాబు లేదు. "కార్త్స్న్యం" అన్న మాటలో చివరి అక్షరం చూడండి. ర, త, స, న, య అయిదు హల్లులు, వాటి నడుమ నాలుగు పొల్లులు, చివర సున్న: వెరసి పది గుర్తులు, 30 బైట్లు. ఆ ఒక్క అక్షరం మహబూబాబాద్ అన్న ఊరి పేరంత బరువు. అక్షరానికింత అని తలసరి లెక్క వేసి పాత్రలు కొలిచేవారికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? కార్త్స్న్యం అన్న మాట ఉందని తెలిసినవారే కదా.

ఇక జల్లెడల మాటకొద్దాం. సీ కోడును చదివి అనుమానాస్పదమైన చోట్లను ఎత్తిచూపే తొలి ఉపకరణాల్లో ప్రసిద్ధమైనది "లింట్". 1978లో బెల్ ల్యాబ్స్‌లోనే స్టీఫెన్ జాన్సన్ రాశాడు. బట్టకు అంటుకునే నూలుపోగుల పేరది. పోగులు ఏరివేయడమే దాని పని. ఆనాటి చింత ప్రధానంగా భద్రత కాదు, పొరపాట్లు. భద్రత ఒక సమస్యగా లోకం కళ్లకు కట్టింది 1988 నవంబరు 2న. రాబర్ట్ మోరిస్ అనే విద్యార్థి వదిలిన పురుగు ఆనాటి అంతర్జాలంలో వేలాది యంత్రాలను స్తంభింపజేసింది. అది వాడుకున్న దారులలో ఒకటి "గెట్స్" అన్న చిన్న సీ ఫంక్షను. ఎంత పాఠం వస్తే అంతా తెచ్చి పాత్రలో కుమ్మరించడమే తప్ప, పాత్ర ఎంతదో అడిగే తీరిక దానికి లేదు. ఆ ఫంక్షనును సీ ప్రమాణం నుంచి తొలగించింది 2011లో. పాము పుట్ట తెలిశాక కూడా దాన్ని పూడ్చడానికి ఇరవైమూడేళ్లు పట్టిందన్నమాట.

2001లో డేవిడ్ వీలర్ "ఫ్లాఫైండర్" అనే ఉపకరణాన్ని విడుదల చేశాడు. ఇది ఉచితం, పైథానులో రాసినది, ఇప్పటికీ వాడుకలో ఉన్నది. ప్రమాదకరమైన ఫంక్షన్ల పేర్ల జాబితా ఒకటి దాని దగ్గర ఉంటుంది. కోడులో ఆ పేర్లు కనబడ్డ చోటల్లా సున్నా నుంచి అయిదు దాకా ప్రమాదస్థాయి వేసి చూపిస్తుంది. "గెట్స్" కనబడితే అయిదు. హద్దు చూడకుండా పాఠాన్ని చేరవేసే "స్ట్ర్‌కాపీ"కి నాలుగు. హద్దు చెప్పి వాడే "స్ట్ర్‌ఎన్‌కాపీ"కి ఒకటి. పేర్లు చూసి పట్టుకునే పని గనక దీనికి అర్థం తెలియదు. నిజంగా ప్రమాదం లేనిచోట కూడా అరుస్తుంది, పేరు మారిస్తే ప్రమాదం ఉన్నచోటా ఊరుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన సీపీపీచెక్, క్లాంగ్ స్టాటిక్ ఎనలైజరు లాంటివి మరికాస్త లోతుకు వెళ్లి, ఏ విలువ ఏ దారిన ఎక్కడికి చేరుతుందో అనుసరిస్తాయి. ఇవన్నీ మంచి ఉపకరణాలే. సీ రాసే ప్రతివారూ వీటిలో కనీసం ఒకదానిని అలవాటుగా వాడాలని నా గట్టి అభిప్రాయం.

కానీ జల్లెడ చెప్పినట్టు చేస్తే మన పేర్లకు ఏమవుతుందో చూడండి. మన ప్రోగ్రామరు ఫ్లాఫైండరు అరుపు విని "స్ట్ర్‌కాపీ" తీసేసి "స్ట్ర్‌ఎన్‌కాపీ" పెట్టి, 16 బైట్లు దాటకు అన్నాడు. స్థాయి నాలుగు నుంచి ఒకటికి దిగింది. ఇప్పుడు మహబూబాబాద్ పేరులో తొలి అయిదు గుర్తులు, ఆరవ గుర్తులో మూడోవంతు, అంటే దీర్ఘంలో ఒక ముక్క లోపలికి వస్తాయి. తెరమీద "మహబూబ" తర్వాత ఒక డబ్బానో ప్రశ్నార్థకమో కనబడుతుంది. పైగా ముగింపు సున్నాకు చోటు మిగలదు. దానిని చదవబోయే తర్వాతి ఫంక్షను ఎక్కడ ఆగాలో తెలియక పక్క పాత్రలోకి వెళ్లిపోతుంది. పాత రోగం పోయి కొత్త రోగం వచ్చింది.

సరే, మరింత జాగ్రత్తపరుడు "ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్" వాడాడు. ఇది ముగింపు సున్నాకు చోటు అట్టిపెట్టి, 15 బైట్లు మాత్రమే తీసుకుంటుంది. 15 మూడుతో భాగించబడుతుంది కాబట్టి అక్షరం ముక్కలు కాదు. మెమరీ పొర్లదు. హద్దులు మాత్రమే చూసే జల్లెడకు అరవడానికి ఏమీ మిగలదు. పట్టికలో ఏముంటుంది? జనగామ, మహబూబ, భూపాల. ఒక ఊరు నవాబు పేరైపోయింది, ఇంకొక ఊరు రాజు బిరుదైపోయింది. డబ్బాలు లేవు, ప్రశ్నార్థకాలు లేవు, ముచ్చటైన తెలుగు మాటలు. తెలుగు రాని పరీక్షకుడు చూసి భేషుగ్గా ఉందంటాడు. తెలుగు చదవగలిగినవారికి తప్ప ఇంకెవరికీ ఇది దోషమని తట్టదు.

నేను ఈ టపా రాయడానికి అసలు కారణం ఈ మూడు మాటలే. యంత్రం దృష్టిలో భద్రత అంటే పొర్లకపోవడం. మనిషి దృష్టిలో భద్రత అంటే తన పేరు తనకు దక్కడం. పింఛను జాబితాలోనో, భూమి పుస్తకంలోనో, ఆసుపత్రి చీటీలోనో ఊరి పేరు సగానికి తెగితే, ఒక పట్టికలోని పేరు ఇంకొక పట్టికలోని పేరుతో కలవదు. కలవకపోతే "మీ వివరాలు సరిపోలలేదు" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు విన్న మనిషికి బైట్ల లెక్క ఎవరు వివరిస్తారు?

ఇంకొక చిక్కు ఉంది, ఇది మరీ సూక్ష్మం. మన తెలుగు గుర్తుల తొలి బైటు విలువ 224. ఇంగ్లీషు అక్షరాల విలువలన్నీ 128కి లోపే. సీలో "చార్" అన్న రకం కొన్ని యంత్రాల్లో ధన సంఖ్యలు మాత్రమే పట్టేది, కొన్నింటిలో రుణ సంఖ్యలు కూడా పట్టేది. ఇంటెల్ తరహా కంప్యూటర్లలో సాధారణంగా రెండవ రకం. అక్కడ 224 కాస్తా మైనస్ 32 అవుతుంది. "ఇది అక్షరమా, అంకెనా" అని అడిగే సీ ఫంక్షనుకు ఆ మైనస్ 32ను అలాగే అందిస్తే, ఫలితం ఏమిటో ప్రమాణం చెప్పదు. కొన్ని గ్రంథాలయాలు సర్దుకుపోతాయి. కొన్ని పట్టికకు ముందున్న, తమది కాని మెమరీని చదువుతాయి. ఇంగ్లీషు పాఠంతో ఎన్నేళ్లు పరీక్షించినా ఈ దోషం బయటపడదు. ఒక్క తెలుగు వాక్యం చాలు బయటపెట్టడానికి. ఈ అర్థంలో మన లిపి ఒక నిప్పు. బంగారం పరీక్షకు నిప్పే కావాలి.

జల్లెడకు అసలే అందని దోషాలూ ఉన్నాయి. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ "హార్ట్‌బ్లీడ్" సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో పెద్ద భాగం గోప్యత కోసం ఆధారపడ్డ ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సీ ప్రోగ్రాములో, "నేను పంపిన మాట ఇంత పొడవు" అని అవతలివాడు చెప్పిన అంకెను సరిచూడకుండా నమ్మారు. అవతలివాడు ఒక్క బైటు పంపి అరవైనాలుగు వేల బైట్లు తిరిగివ్వమంటే, పక్కనున్న రహస్యాలతో సహా ఇచ్చేసింది. సోర్సు కోడును జల్లెడ పట్టడంలో పేరుమోసిన కవరిటీ సంస్థ ఉపకరణం కూడా ఆ దోషాన్ని ముందుగా పట్టుకోలేదు. ఆ మాట సంస్థవారే ఒప్పుకుని, బయటి నుంచి వచ్చే అంకెలను గుర్తించే కొత్త ఉపాయాన్ని ఉపకరణానికి తర్వాత నేర్పారు.

ఇదెలాంటిదంటే, రైలు పట్టాల వెంబడి రోజూ నడిచే కీమ్యానును తలచుకోండి. జనగామ మీదుగా, మహబూబాబాద్ మీదుగా పోయే లైన్లలో అతడు ఒక్కో తాళాన్ని చూస్తూ, వదులైనదాన్ని సుత్తితో బిగిస్తూ పోతాడు. అతడి పని అమూల్యం. కానీ 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. పట్టాల తాళాలెంత బిగువుగా ఉన్నా ఏం లాభం, కింద నేల లేదు. భూపాలపల్లి జిల్లా మేడిగడ్డ బరాజులో 2023 అక్టోబరు 21న పిల్లరు కుంగినప్పుడు, పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు చెప్పిన కారణాల్లోనూ పునాది కింది ఇసుక కదిలిపోవడం ఒకటి. కోడులో ప్రతి వరుసా సవ్యంగా ఉండి, వాటన్నిటి కిందనున్న ఒక ఊహ తప్పయితే జరిగేది ఇదే. "అవతలివాడు నిజమే చెబుతాడు" అన్నది హార్ట్‌బ్లీడ్ కింది ఊహ. "ఒక అక్షరం అంటే ఒక బైటు" అన్నది మన పేర్ల కింది ఊహ. తాళాలు తట్టి చూసే ఉపకరణాలకు ఊహలు కనబడవు.

అలాగని జల్లెడ మాట గుడ్డిగా వినడమూ ప్రమాదమే. 2006లో డెబియన్ లినక్సులో ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను చూసుకునేవారు, ఒక తనిఖీ ఉపకరణం "ఇక్కడ విలువ నింపని మెమరీని వాడుతున్నారు" అని ఫిర్యాదు చేస్తే, ఆ ఫిర్యాదు పోగొట్టడానికి కోడును తొలగించారు. తనిఖీ నివేదిక శుభ్రపడింది. కానీ తొలగించిన వరుసల్లో ఒకటి రహస్య తాళాలకు యాదృచ్ఛికతను సమకూర్చేది. 2008 మే నెలలో లూసియానో బెల్లో ఈ సంగతి కనిపెట్టేదాకా, ఆ వ్యవస్థల్లో తయారైన తాళాలు ఒక్కో రకానికి 32,767కు మించి లేవు. లోకంలోని తాళాలన్నీ ఒక గుత్తిలో పట్టేశాయన్నమాట. జల్లెడ ఎందుకు అరిచిందో తెలుసుకోకుండా దాని నోరు మూయిస్తే జరిగేది ఇదీ.

ఈ మాటలకు రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. మొదటిది: సీ రోజులు పోయాయి, రస్ట్ లాంటి భాషలొచ్చాయి, వాటిలో మెమరీ పొర్లదు, ఇక జల్లెడలెందుకు? ఈ వాదనలో నిజముంది. ఫాంటుల విషయంలోనే చూడండి. ఫ్రీటైపులో 2020 అక్టోబరులో బయటపడ్డ దోషం, ఫాంటులో పొదిగిన బొమ్మ వెడల్పును పెద్ద అంకె నుంచి చిన్న అంకెలోకి కుదించడం వల్ల వచ్చింది. అప్పటికే దాడుల్లో వాడుతున్నారు. 2025 మార్చిలో మరొకటి, ఇదీ అంకెల రకాలు తారుమారై చాలని చోటు కేటాయించడం వల్లే వచ్చింది, ఇదీ దాడుల్లో వాడినదే. గూగుల్ వారు క్రోములో వెబ్ ఫాంటుల పనిని ఫ్రీటైపు నుంచి రస్ట్‌లో రాసిన స్క్రిఫాకు మార్చుకుంటూ వచ్చారంటే అందుకే. మంచిదే. కానీ "భూపాల" సమస్యకు రస్ట్ మందు కాదు. అక్షరం మధ్యలో కోయబోతే రస్ట్ ప్రోగ్రామును ఆపేస్తుంది, అది మెరుగే. అక్షరాల హద్దు మీదే కోస్తే మాత్రం అదీ నోరెత్తదు. పైగా, దశాబ్దాల సీ కోడు తెల్లారేసరికి మాయమైపోదు.

రెండవ అభ్యంతరం: ఇదంతా పెద్ద సంస్థల పని, మనమెవరం? దీనికి జవాబు 2018 నాటి కథలోనే ఉంది. "జ్ఞా" దోషమున్న ఆపిల్ వారి కోడు బయటివారికి కనబడదు. అయినా మనీష్ గోరేగావ్‌కర్ అనే ప్రోగ్రామరు బయటి నుంచే రకరకాల కూర్పులు ప్రయత్నించి, ఇది జ్ఞాకు పరిమితం కాదనీ, హల్లు, పొల్లు, హల్లు, విడదీత గుర్తు, ఆపై అచ్చు గుర్తు అన్న వరుసలోనే మర్మం ఉందనీ, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ కొన్ని కూర్పులకు ఇదే జరుగుతుందనీ విశ్లేషించి రాశారు. ఆ పని చేయగలిగింది ఉపకరణాల బలంతో కాదు. భారతీయ లిపుల్లో వత్తులు ఎలా కలుస్తాయో తెలిసి ఉండడం చేత. హార్ఫ్‌బజ్, ఫ్రీటైపుల కోడు ఇంకా నయం, ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. తెలుగు వచ్చినవారిలో సీ వచ్చినవారు కొదవా? ఒక్కో ఇంటికి ఒకరున్నారని పరాచికాలాడుకుంటాం కదా.

సీ రాని సాహితీమిత్రులకూ ఇందులో పని ఉంది, అసలు పని వారిదే అంటాను. ప్రోగ్రాములను పరీక్షించే ఆధునిక పద్ధతుల్లో ఒకటి, కొన్ని నమూనా పాఠాలను విత్తనాలుగా ఇచ్చి, యంత్రమే వాటిని లక్షల విధాల మార్చి ప్రోగ్రాము మీదికి విసరడం. ఏ కూర్పుకు కూలిందో ఆ కూర్పును పట్టి ఇస్తుంది. 2016లో గూగుల్ మొదలుపెట్టిన ఓఎస్ఎస్-ఫజ్ ద్వారా ఫ్రీటైపు, హార్ఫ్‌బజ్‌లకు ఈ పరీక్ష నిరంతరం జరుగుతోంది. విత్తనం ఎంత మంచిదైతే పంట అంత మంచిది. మన విత్తనాలు ఎక్కడున్నాయి? పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, పోతన బమ్మెర రెండూ నేటి జనగామ జిల్లాలోనివే. వారి కావ్యాల్లో అరసున్నలున్నాయి, శకటరేఫలున్నాయి, ఈనాటి దినపత్రికలో వెతికినా దొరకని సంయుక్తాక్షరాలున్నాయి. దంత్య చ, జలకు యూనికోడులో చోటు 2008లో దొరికింది. నకారపొల్లుకు 2021 దాకా దొరకలేదు. ఇలా ఒక్కో గుర్తూ ఆలస్యంగా వచ్చి చేరినప్పుడల్లా, అది లేదనుకుని రాసిన పాత కోడుకు ఒక కొత్త పరీక్ష. ఆ పరీక్షాపత్రం కూర్చగలిగేది పద్యం చదివినవాళ్లే.

తెలుగును యూనికోడులో రాసుకోవడానికి తొలినాళ్లలో మనం ఎంతగానో ఆధారపడ్డ ఫాంటులలో ఒకటి తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు రూపొందించిన "పోతన". ఒక వ్యక్తి పూనికతో, కొనబోతే వెల లేని వస్తువుగా అది మన చేతికి వచ్చింది. ఫాంటు మన చేతికొచ్చాక పని అయిపోయిందనుకున్నాం. దాని కింద నడిచే కోడు ఎవరిదో, అందులో మన అక్షరాల గురించి ఏ ఊహలున్నాయో అడగడం మరిచాం. అప్పుడు అక్షరం కనబడటమే పండగ, అది సహజం. ఇప్పుడిక కనబడటంతో తృప్తిపడే కాలం కాదు.

కాబట్టి నా సూచన చాలా చిన్నది. సీ రాసేవారు తమ కోడును ఏదో ఒక జల్లెడలో పట్టండి, కంపైలరు చెప్పే హెచ్చరికలను ముందు అర్థం చేసుకుని ఆ తర్వాతే సరిదిద్దండి. పరీక్షకు ఇంగ్లీషు పేర్లతోపాటు ఈ నాలుగు మాటలనూ వాడండి: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, కార్త్స్న్యం. మొదటిది అంచు దాకా నిండుతుంది, రెండోదీ మూడోదీ పొర్లుతాయి, నాలుగోది లెక్కనే తప్పిస్తుంది. ఫలితాన్ని యంత్రం చేత కాక, కళ్లతో చదవండి. సీ రాయనివారు ఏ కార్యాలయపు తెరమీదైనా తెగిపోయిన తెలుగు పేరు కనబడితే "కంప్యూటరు తప్పు" అని వదిలేయకండి. ఏ పేరు, ఎన్ని గుర్తుల దగ్గర తెగిందో రాసి, ఆ ప్రోగ్రాము చూసుకునేవారికి పంపండి. ఎక్కడ తెగిందో తెలిస్తే పాత్ర కొలత తెలిసినట్టే.

మీకు కనబడ్డ అలాంటి తెగిన పేర్లేవైనా ఉంటే కింద వ్యాఖ్యల్లో రాయండి. ఎన్ని బైట్ల దగ్గర తెగాయో కలిసి లెక్కేద్దాం.